బెంగళూరులో బాడుగిల్లు ఉన్నోళ్లకి: దొంగకి దారి ఇయ్యకుండా, కేసు మన మెడకి చుట్టుకోకుండా

బెంగళూరులో 30 బై 40 సైటు కొని, కింద పార్కింగ్ వదిలి, పైన మూడు నాలుగు ఫ్లోర్లు లేపి బాడుగకిచ్చినోళ్లు మన తెలుగోళ్లలో బోలెడంత మంది. మున్నేకొళాల, కుందలహళ్లి, బీటీఎం, కేఆర్ పురం, ఏ క్రాస్ లోకి పోయినా మదనపల్లె ఓనరో అనంతపురం ఓనరో ఒకరు తగులుతారు. వీళ్లలో ఎక్కువమందికి సెక్యూరిటీ అంటే ఒకటే లెక్క, ఎస్పీ రోడ్డుకి పోయి నాలుగు కెమెరాల సెట్టు తెచ్చి బిగిస్తే అయిపాయె. కెమెరా వద్దని నేను చెప్పను గానీ అది లిస్టులో చివర రావాల్సిన వస్తువు. ముందు బిల్డింగ్ ఆకారం, తర్వాత వెలుతురు, తర్వాత వాకిళ్లు బీగాలు, ఆ తర్వాత కెమెరా. ఇంకో సంగతి కూడా ఉంది, ఏదైనా జరిగి అది కోర్టు దాకా పోతే ఓనర్ని అడిగేది "ఇట్ల జరగొచ్చని నీకు ముందే తెలుసా, తెలిసినాక నువ్వేం చేసినావు" అని. బిల్డింగ్ సంగతీ కోర్టు సంగతీ ఒకదానికొకటి ముడిపడినవే, అందుకే కలిపి చెప్తా.

2013 నవంబర్ 19 పొద్దున కార్పొరేషన్ సర్కిల్ దగ్గర ఏటీఎంలో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటాది. డబ్బు తీసుకుందామని ఒకామె లోపలికి పోతే వెనకాలే ఒకడు దూరి, లోపలి నుంచి షట్టర్ కిందికి లాగేసి, కొడవలితో కొట్టి పోయినాడు. కెమెరా అంతా రికార్డు చేసింది, దేశమంతా ఆ వీడియో టీవీల్లో చూసింది, వాడు మాత్రం 2017లో గానీ దొరకలేదు, అదీ మన చిత్తూరు జిల్లాలో. ఆ పొద్దున కెమెరా లేక జరిగిన నష్టం ఏమీ లేదు. లోపలున్నోడు షట్టర్ లాగేస్తే బయట రోడ్డు మీద పోయే ఒక్కరికీ ఏమీ కనబడని గది అది, కాపలా మనిషి లేడు, అసలు తప్పంతా ఆ గదిని అట్ల కట్టడంలో ఉంది. మీ బిల్డింగ్ లో అట్లాంటి "షట్టర్ దించిన గది" ఎక్కడుందో వెతకడమే మీ మొదటి పని. మెట్ల కింద మూలా, జెనరేటర్ వెనకాలా, సంపు పక్కనా, మిద్దె మీద ట్యాంకు చాటునా, ఎక్కడో ఒకచోట తప్పకుండా ఉంటాది.

కట్టడం తీరుతోనే నేరాన్ని అడ్డుకునే ఈ ఆలోచనకి సెప్టెడ్ అని ఒక పేరుంది. 1971లో అమెరికాలో సి. రే జెఫరీ అనే క్రిమినాలజిస్ట్ ఆ మాట వాడకంలోకి తెచ్చినాడు, మరుసటేడే ఆస్కార్ న్యూమన్ అనే ఆర్కిటెక్ట్ అక్కడి గవర్నమెంటు ఇళ్లు చూసి దగ్గర దగ్గర అదే మాట ఇంకో రకంగా చెప్పినాడు. వందల మంది ఒకే కారిడార్ వాడే పెద్ద టవర్లలో ఆ కారిడార్ ఎవరిదీ కాకుండా పోతాది, నాలుగైదు ఇళ్లకి ఒక మెట్లదారి ఉన్నచోట కొత్త మనిషి కనబడితే ఎవరో ఒకరు "ఎవరు కావాల" అని అడుగుతారు. మన 30 బై 40 బిల్డింగులకి ఆ అదృష్టం పుట్టుకతోనే ఉంది, మనమే దాన్ని పాడు చేసుకుంటాం.

రాత్రి పది దాటినాక రోడ్డుకి అవతల నిలబడి చూడండి

దీనికి పైసా ఖర్చు లేదు. గేటు కనబడతా ఉందా, పార్కింగ్ లో బండ్ల వెనక ఏముందో తెలుస్తా ఉందా, మెట్ల మొదలు కనబడతా ఉందా చూడండి. తర్వాత లోపలికి పోయి అదే తిరగేసి చూడండి, మెట్ల దగ్గర ఒక మనిషి నక్కి ఉంటే రోడ్డు మీద పోయేవాళ్లకి గానీ ఏదో ఒక ఇంటి కిటికీలోంచి గానీ కనబడతాడా. ఇంట్లో ఆడవాళ్లని కూడా తీసుకుపోయి అడగండి, ఏ చోట అడుగు తొందరగా పడతాదో వాళ్లకి తెలిసినంత మనకి తెలియదు.

కాంపౌండ్ గోడ దగ్గర చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఏడెనిమిది అడుగులు నిండుగా ఇటుకతో లేపేస్తే భద్రం అనుకుంటారు. గోడ దూకడానికి వాడికి పట్టేది ఒక నిమిషం, దూకినాక మాత్రం అదే గోడ వాడికి తెర, తెల్లార్లూ కూర్చుని కిటికీ కడ్డీ కోసుకున్నా అడిగేవాడు ఉండడు. మూడు నాలుగు అడుగులు గోడ, దానిపైన నిలువు కడ్డీల గ్రిల్లు, ఇట్ల ఉంటే రెండు పక్కల నుంచీ కనబడతాది, ఎక్కడానికి అడ్డకడ్డీ ఉండదు కాబట్టి కాలు పెట్టే చోటు కూడా దొరకదు. చెట్ల సంగతీ అంతే, పొదలు మూడు అడుగులు దాటకుండా కత్తిరించండి, పెద్ద చెట్ల కొమ్మలు ఏడు అడుగుల కింద లేకుండా చూడండి, ఈ మధ్యలో చూపు సాగాల. మందార చెట్టు గుబురుగా కిటికీని మూసేసి ఉంటే పూజకి పూలు బాగానే వస్తాయి గానీ దొంగకి కూడా బాగానే ఉంటాది.

గేటు తనంతట తాను మూసుకునేట్టు పెట్టించండి, డోర్ క్లోజరో స్ప్రింగో ఏదో ఒకటి. బయట నుంచి చెయ్యి దూర్చి గడి తీసేట్టుంటే ఆ జాగాలో ఒక రేకు వెల్డింగ్ చేయించండి. ఇక డెలివరీ పిల్లల విషయం, ఇది ఎవరూ ఆలోచించరు. పొద్దున నుంచి రాత్రి దాకా సామాన్లు, బిర్యానీలు, పార్సిళ్లు తెచ్చేవాళ్లు మూడో ఫ్లోర్ దాకా ఎక్కి దిగుతా ఉంటారు, దాంతో తెలియని మనిషి మెట్ల మీద కనబడటం మామూలైపోతాది, బ్యాగు తగిలించుకుని టోపీ పెట్టుకుని ఎవడు పోయినా ఎవరూ అడగరు. గేటు లోపల, కెమెరాకి కనబడే చోట ఒక ర్యాకు పెట్టి పార్సిళ్లు అక్కడే పెట్టించండి, తిండి వస్తే బాడుగవాళ్లే కిందికి దిగి తీసుకోవాల. మొదట్లో గొణుక్కుంటారు, తర్వాత అలవాటు పడతారు. అప్పుడు మూడో ఫ్లోర్ లో కొత్త మొహం కనబడితే మళ్లీ అది అడగాల్సిన విషయం అవుతాది.

లైట్ల దగ్గర పిసినారితనం వద్దు. ఒక పెద్ద ఫ్లడ్ లైట్ పెడితే కళ్లు చెదిరి దాని వెనక చీకటి ఇంకా చిక్కబడతాది, అట్ల కాకుండా చిన్న బల్బులు నాలుగు చోట్ల సమంగా పంచండి, గేటు, పార్కింగ్ లోపలి మూల, మెట్ల ప్రతి మలుపు, మిద్దె వాకిలి. కామన్ మీటర్ బిల్లు ఎవరు కట్టాలని బాడుగవాళ్లతో తగువు పడేవాళ్లని చూసినా. 9 వాట్ల ఎల్ఈడీ రాత్రికి 12 గంటలు వెలిగితే నెలకి మూడు యూనిట్ల చిల్లర, నాలుగు బల్బులకీ కలిపి 13 యూనిట్లు, దీనికి తగువేంటికి. వీధి లైటు చచ్చిపోతే 1533కి కంప్లైంట్ పెట్టి ఆ నంబరు దాచిపెట్టుకోండి, ఎందుకో తర్వాత చెప్తా.

మిద్దె, వాకిలి, యుటిలిటీ

బెంగళూరులో గోడకి గోడ ఆనించి కట్టేస్తాం, సెట్ బ్యాక్, అంటే బిల్డింగ్ చుట్టూ వదలాల్సిన జాగా, ప్లాన్ కాగితం మీద మాత్రమే ఉంటాది. దాంతో పక్కోళ్ల మిద్దె నుంచి మన మిద్దెకి ఒక్క అంగ. పక్క సైట్లో కన్స్ట్రక్షన్ నడుస్తా ఉంటే ఇంకా సులువు, కర్రలు కట్టే ఉంటాయి, నిచ్చెన అక్కర్లేదు. అందుకే మిద్దె వాకిలి మెయిన్ డోర్ అంత గట్టిగా ఉండాల, బయట వైపు నుంచి తెరవడానికి ఏమీ ఉండకూడదు, లోపల నుంచి మాత్రం బీగం చెవి లేకుండా ఒక్క గడి తీస్తే తెరుచుకోవాల. ఈ ఆఖరి మాట గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తాది. డ్రైనేజ్ పైపులు బాల్కనీ పక్క నుంచి పోతా ఉంటే అవి మెట్లతో సమానం, పైపు చుట్టూ ముళ్ల కాలర్ పెట్టే పద్ధతి ఉంది, బాల్కనీ నుంచి చెయ్యి అందనంత దూరం జరపడం కట్టేటప్పుడే చూసుకుంటే ఇంకా మేలు.

మెయిన్ డోర్ కి అందరూ ఖరీదైన బీగం వేస్తారు, ఫ్రేమ్ మాత్రం సన్న స్క్రూలతో నిలబడి ఉంటాది. రాడ్డు పెట్టి ఎత్తితే ఊడేది బీగం కాదు, గడి దూరే ఆ చిన్న రేకు. దాన్ని మందపాటిది వేయించి, మూడంగుళాల స్క్రూలతో ఫ్రేమ్ దాటి గోడలోకి దిగేట్టు బిగించండి, వడ్రంగికి అరగంట పని. బయట వేలాడే తాళం కప్ప ఇంకో ప్రమాదం, బీగం బలం సంగతి అట్లుంచండి, "ఇంట్లో ఎవరూ లేరు" అని అది మెట్లెక్కే ప్రతివాడికీ చెప్తాది. డోర్ లోపలే దిగే మోర్టైజ్ లాకో నైట్ ల్యాచో వేస్తే ఇంట్లో మనుషులున్నారో లేదో బయటికి తెలియదు. బాడుగవాళ్లు మారినప్పుడల్లా బీగంలో చెవి దూరే సిలిండర్ మార్చండి, పాత వాళ్లు మంచోళ్లే కావొచ్చు, వాళ్ల దగ్గర పనిచేసిన మనిషి, వాళ్ల రూమ్మేటు, వాళ్లు డూప్లికేట్ చేయించిన షాపోడు, వీళ్లందరి గురించీ మనకేం తెలుసు. ఇక బీగం చెవి షూ ర్యాకులో పెట్టే అలవాటు గురించి నేను చెప్పక్కర్లేదు, దొంగ మొదట చూసేది అదే.

మన ఫ్లాట్లలో అన్నిటికంటే బలహీనమైన చోటు యుటిలిటీ. ముందు వాకిలికి టేకు, వెనక గిన్నెలు తోమే చోటికి ప్లాస్టిక్ డోర్, అదీ ఒక సన్న గడి. దొంగ ముందు నుంచే రావాలని రూలేమన్నా ఉందా. యుటిలిటీకి నిండు గ్రిల్లు, లోపలికి గట్టి డోర్, రెండూ కావాల. స్లైడింగ్ కిటికీలు బయట నుంచి కొంచెం ఎత్తి ఊడబెరకొచ్చు, కింద గాడిలో ఒక కడ్డీ ముక్క పెడితే జరగవు, పైన గాడిలో ఒక స్క్రూ వేస్తే ఎత్తడానికి సందు ఉండదు. బాత్రూమ్ వెంటిలేటర్ అద్దం పలకలు చేత్తోనే జారిపోయి వస్తాయి, వెనక గ్రిల్లు లేకపోతే అది సన్నమనిషికి వాకిలే.

ఊరికి పోయేటప్పుడు

సంక్రాంతికి మడివాళలో, మారతహళ్లిలో బస్సులకి జనం ఎట్ల ఎగబడతారో దొంగలకి కూడా తెలుసు. ఆ వారం తెలుగోళ్లున్న బిల్డింగుల్లో ఫ్లోర్లకి ఫ్లోర్లు ఖాళీ. ఇంటిముందు మూడురోజులుగా ముగ్గు లేదు, పాల ప్యాకెట్లు సంచిలోనే ఉన్నాయి, పేపర్లు గడపలో పడున్నాయి, రాత్రంతా పగలంతా ఒకే బాల్కనీ లైటు వెలుగుతా ఉంది, ఇంతకంటే చాటింపు అక్కర్లేదు. పాలు పేపరు ఆపించండి, పనామెకి ముగ్గు మాత్రం వేసి పొమ్మని చెప్పండి, ఒక లైటుకి టైమర్ పెట్టండి. ఓనర్ గా మీరు చెయ్యాల్సింది ఏంటంటే పండగ ముందు వాట్సాప్ గ్రూపులో ఎవరెవరు ఎప్పుడు పోతా ఉన్నారో అడగడం కాదు, ఆ లిస్టు గ్రూపులో ఉండటమే ప్రమాదం, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి బిల్డింగ్ లో కనీసం ఒక ఇల్లు ఖాళీ కాకుండా చూసుకోవడం. ఆంధ్రాలో ఇల్లున్నోళ్లకి అక్కడి పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్ ఉంది, తాళం వేసిన ఇంటి మీద నిఘా పెట్టేది, తేదీలు చెప్తే కెమెరా పెట్టి కనిపెడతారు, ఊళ్లో ఇల్లు తాళం వేసి అమ్మానాన్నని ఇక్కడికి తెచ్చుకునేవాళ్లు వాడుకోవచ్చు. ఇక్కడ మీ స్టేషన్ బీట్ పోలీసుకి చెప్పిపోవడంలో తప్పేం లేదు.

ఇప్పుడు కెమెరా

గేటు దగ్గరది మనిషి మొహానికి కొంచెం పైన, ఏడెనిమిది అడుగుల ఎత్తులో పెట్టండి, రెండో ఫ్లోర్ నుంచి కిందికి చూసే కెమెరాలో కనబడేది టోపీలూ బట్టతలలే. రికార్డర్ ని హాల్లో టీవీ కింద పెడితే దొంగ దాన్ని కూడా సంకలో పెట్టుకుని పోతాడు, బీగం వేసే పెట్టెలో వేరే చోట పెట్టండి, యూపీఎస్ ఇవ్వండి, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా టైము తప్పుతా ఉందేమో నెలకొకసారి చూడండి. పక్కింటోళ్ల కిటికీ ఫ్రేమ్ లోకి రాకుండా తిప్పండి, ఆడవాళ్ల ప్రైవేటు చోట్లు రికార్డు అయితే అది బీఎన్ఎస్ (ఐపీసీ జాగాలో వచ్చిన కొత్త చట్టం) 77 కింద వాయరిజం, అంటే ఆడవాళ్లని చాటుగా చూసిన కేసు దాకా పోతాది, దొంగని పట్టబోయి మనమే ముద్దాయిలం అవుతాం.

చట్టం ఏమంటాది

ఈ లైన్ లో అందరూ చెప్పే కేసు అమెరికాది, 1970లో వాషింగ్టన్ డీసీ కోర్టు తీర్పు, క్లైన్ కేసు అంటారు. క్లైన్ అనే బాడుగామె 1959లో ఆ అపార్ట్‌మెంట్లో చేరినప్పుడు 24 గంటలూ డోర్ దగ్గర మనిషి ఉండేవాడు, 1966 నాటికి ఖర్చు తగ్గించుకోవాలని ఓనర్లు కాపలా ఏర్పాట్లు ఒక్కొక్కటే తీసేసినారు, ఆ మధ్యలో కారిడార్లలో దోపిడీలు దాడులు పెరగడం వాళ్లకి తెలుసు కూడా, చివరికి ఆమె మీద తన ఫ్లాట్ బయటే దాడి జరిగింది. కోర్టు చెప్పింది సూటిగా ఉంది, కామన్ ఏరియాకి బీగం వేయించే అధికారం బాడుగవాళ్లకి లేదు, ఓనర్ కే ఉంది, ప్రమాదం తెలిసి కూడా ఊరకుంటే బాధ్యత ఓనర్ దే. 

మన దేశంలో ఓనర్ బాధ్యత మీద ప్రత్యేకంగా ఒక చట్టం రాసిపెట్టి లేదు. మామూలు నెగ్లిజెన్స్ సూత్రాలు, కన్స్యూమర్ చట్టం, క్రిమినల్ సెక్షన్లు, లైసెన్సు షరతులు, వీటి మీద నడుస్తాది. అయినా ఆ ప్రశ్న మారదు, తెలుసా, తెలిసి ఏం చేసినావు.

పీజీ నడిపేవాళ్లు ఎక్కువ జాగ్రత్తగా ఉండాల. ఊరికే ఇల్లు బాడుగకివ్వడం వేరు, తిండి, క్లీనింగ్, సెక్యూరిటీ అన్నీ కలిపి నెలకి ఇంత అని తీసుకుంటే అది సర్వీసు, 2019 కన్స్యూమర్ చట్టం కిందికి లాగొచ్చు, కంప్లైంట్ పెట్టడానికి వాళ్లకి రెండేళ్ల టైముంది. 2024 జులైలో కోరమంగల పీజీలోకి బయటోడు ఒకడు దూరి మూడో ఫ్లోర్ లో ఒక అమ్మాయిని చంపిన తర్వాత బీబీఎంపీ, అంటే అప్పటి బెంగళూరు కార్పొరేషన్, పీజీలకి రూల్స్ గట్టి చేసింది, సీసీటీవీ, 24 గంటలూ సెక్యూరిటీ మనిషి, మనిషికి కనీసం 70 చదరపు అడుగులు, రోజుకి 135 లీటర్ల నీళ్లు, ఇట్లాంటివి. ఇప్పుడు బీబీఎంపీ పోయి జీబీఏ (గ్రేటర్ బెంగళూరు అథారిటీ) కింద అయిదు కార్పొరేషన్లు వచ్చినాయి, మీ ట్రేడ్ లైసెన్స్ ఏ కార్పొరేషన్ కిందికి వస్తాదో చూసుకుని, దాంట్లో ఫుటేజ్ ఎన్నిరోజులు దాచమని రాసుంటే అన్నిరోజులు దాచండి. లైసెన్సులో రాసున్న షరతు తప్పినాక "నాకు తెలియదు" అనే మాటకి విలువ ఉండదు.

కింద షాపులు, జిమ్, ఫంక్షన్ హాల్ లాంటివి ఉంటే 2017 నాటి కర్ణాటక పబ్లిక్ సేఫ్టీ చట్టం చూసుకోండి, ఒకేసారి 100 మంది గానీ రోజుకి 500 మంది గానీ వచ్చే చోట సీసీటీవీ పెట్టి 30 రోజుల రికార్డింగ్ దాచాల. ఇట్లాంటి చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లో 2013లోనే వచ్చింది, అక్కడ దుకాణాలున్న మనోళ్లకి ఆ సంగతి కొత్తేం కాదు.

బాడుగవాళ్ల వివరాలు స్టేషన్లో ఇవ్వడం బద్దకిస్తారు చాలామంది, అగ్రిమెంట్ అయిపోయింది కదా అని. వివరాలు ఇవ్వాలని బీఎన్ఎస్ఎస్ (సీఆర్పీసీ జాగాలో వచ్చిన కొత్త చట్టం) 163 కింద కమిషనర్ ఆర్డర్ ఉండి మనం పాటించకపోతే బీఎన్ఎస్ 223 కింద ఆరు నెలల దాకా జైలు గానీ 2,500 దాకా ఫైను గానీ రెండూ గానీ, దాని వల్ల ప్రాణానికి ముప్పు వస్తే ఏడాది దాకా. విదేశీయులని పెట్టుకుంటే వాళ్ల వివరాలు (ముందు ఫారం సి అనేవాళ్లు) 24 గంటల్లో ఇమిగ్రేషన్ వాళ్లకి పంపాల. సెక్యూరిటీ గార్డుని ఏజెన్సీ నుంచి తీసుకుంటే ఆ ఏజెన్సీకి 2005 ప్రైవేట్ సెక్యూరిటీ చట్టం కింద లైసెన్సు ఉందో లేదో కాపీ అడగండి. నెలకి రెండువేలు తక్కువని ఎవరో చెప్పిన పెద్దాయన్ని కుర్చీ వేసి కూర్చోబెడితే, ఆయనకి ట్రైనింగ్ లేదు, వెరిఫికేషన్ లేదు, గేటు తీసే పని తప్ప ఇంకేం చెయ్యలేడు, పాపం ఆయన తప్పు కూడా కాదు.

"పార్కింగ్ ఓనర్స్ రిస్క్", అంటే బండి పోతే బండి గలవాళ్లదే బాధ్యత అనే బోర్డు మీద నమ్మకం పెట్టుకోకండి. 2019 నవంబర్ లో సుప్రీంకోర్టు తాజ్ మహల్ హోటల్ కేసులో తేల్చింది, వాలే పార్కింగ్ కి తాళం ఇచ్చిన కారు 1998లో పోయింది, టోకెన్ మీద ఆ మాట అచ్చేసినా జాగ్రత్తగా చూసుకోవాల్సిన బాధ్యత హోటల్ కి పోలేదని. అది హోటల్ సంగతి, మీ బిల్డింగ్ లో కార్ల తాళాలు మీ మనిషి చేతికి తీసుకుంటా ఉంటే మాత్రం మీకూ ఆలోచించాల్సిన విషయమే.

అతి చేస్తే ఇంకో కేసు

దొంగల మీద కోపంతో గోడకి కరెంటు వైరు లాగుదామా అనేవాళ్లు ప్రతి వీధిలో ఒకరుంటారు. చెరుబిన్ గ్రెగొరీ కేసు చెప్పండి వాళ్లకి. బీహార్ లో ఒకాయన తన మరుగుదొడ్డికి పక్కోళ్లు వస్తా ఉన్నారని దారిలో కరెంటు వైరు పెట్టినాడు, పక్కింటి ఆమె తగిలి చచ్చిపోయింది. నా జాగాలోకి ఆమే వచ్చింది, నన్ను నేను కాపాడుకునే హక్కు నాకుంది అని వాదించినాడు, సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, అనుమతి లేకుండా లోపలికి వచ్చినంత మాత్రాన మనిషి ప్రాణానికి రక్షణ పోదని చెప్పి, నిర్లక్ష్యంతో చంపిన నేరం ఖాయం చేసింది. ఇప్పుడు ఆ నేరం బీఎన్ఎస్ 106 కింద, అయిదేళ్ల దాకా శిక్ష. కనబడే గ్రిల్లు, కనబడే ముళ్లు, అందనంత ఎత్తులో, వీటితో అడ్డుకోండి. కనబడకుండా దెబ్బ తీసేది ఏదీ పెట్టొద్దు, బంతి కోసం గోడెక్కేది రేపు పక్కింటి పిల్లోడే.

రెండోది బీగాల పిచ్చి. రాత్రి పదికి మెయిన్ గ్రిల్లుకి బీగం, మిద్దె వాకిలికి బీగం, చెవులు ఓనర్ దగ్గర, ఓనర్ మొదటి ఫ్లోర్ లో నిద్ర. ఆడపిల్లల పీజీల్లో ఇది మరీ ఎక్కువ, రక్షణ పేరుతో లోపలేసి బీగం వేస్తారు. మీటర్ బోర్డులో షార్ట్ సర్క్యూట్ అయ్యి మెట్లదారి పొగతో నిండితే వాళ్లు ఎటు పోవాల. 2010 ఫిబ్రవరి 23న ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు కార్ల్టన్ టవర్స్ లో పొగ కమ్మేస్తే దిక్కులేక కిటికీల్లోంచి దూకినారు, తొమ్మిది మంది పోయినారు. ఢిల్లీ ఉపహార్ థియేటర్లో 1997లో 59 మంది పోయినది తెలిసిందే, దారి మూసేసి సీట్లు పెంచుకున్న ఓనర్లు ఏళ్లకేళ్లు కోర్టుల చుట్టూ తిరిగినారు. బయట నుంచి తెరవలేనిది, లోపల నుంచి చెవి లేకుండా చేత్తో తెరవగలిగేది, ఇదొక్కటే సరైన గడి. కిటికీ గ్రిల్లుల్లో కూడా ఫ్లోర్ కి ఒకటైనా లోపల నుంచి తెరుచుకునేది పెట్టించండి, బయట నుంచి గడి అందకుండా.

కాగితం

ఇది విసుగు పుట్టించే పని, అయినా కోర్టులో మిమ్మల్ని నిలబెట్టేది ఇదే. బాడుగామె వాట్సాప్ లో "అన్నా, గేటు గడి విరిగింది, రాత్రి ఎవరో మెట్ల దగ్గర తిరుగుతా ఉన్నారు" అని పెడితే మీరు "చూద్దాంలే అమ్మా" అని రిప్లై ఇచ్చి ఊరకుంటే, ప్రమాదం మీకు తెలుసు అనడానికి సాక్ష్యం మీ ఫోన్లోనే, మీ మాటల్లోనే, టైముతో సహా ఉంది. అదే రెండు రోజుల్లో వెల్డరుని పిలిచి బాగుచేయించి, బిల్లు ఫోటో అదే చాట్ లో పెడితే ఆ మెసేజే మీ పక్క సాక్ష్యం అవుతాది. వీధి లైటు కంప్లైంట్ నంబరు దాచమన్నది ఇందుకే. ఒక నోటుబుక్కు చాలు, తేదీ, ఎవరు చెప్పినారు, ఏం చేసినాం, ఎంతయ్యింది. అగ్రిమెంట్లో కూడా రాసుకోండి, ఫ్లాట్ లోపలి బీగాలు ఎవరివి, కామన్ ఏరియావి ఎవరివి, రిపేర్ ఎన్నిరోజుల్లో అని. వీధిలో పక్క బిల్డింగ్ లో దొంగతనం జరిగితే అది కూడా రాసిపెట్టండి, ఆ రోజు నుంచి "మాకు తెలియదు" అనే మాట మీకు కూడా లేదు, బాడుగవాళ్లందరికీ ఒక మెసేజ్ పెట్టి బీగాలు ఒకసారి చూసుకోండి.

ఖర్చు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, బల్బులూ గేటు గడీ ఈ ఆదివారమే, డోర్ రేకు స్క్రూలు వచ్చే వారం, యుటిలిటీ గ్రిల్లు వచ్చే నెల బాడుగల్లోంచి, కాంపౌండ్ గోడ పై భాగం కొట్టి గ్రిల్లు వెయ్యడం ఎప్పుడన్నా పెయింటింగ్ పెట్టుకున్నప్పుడు. పీజీ అయితే ఈ వరస కుదరదు, అన్నీ ఒకేసారి.

ఇంత చేసినా ఏదైనా జరిగితే, 112కి ఫోన్ చేసి, పోలీసులు వచ్చేదాకా ఎవర్నీ లోపలికి పోనీయకండి, విరిగిన గడి సర్దొద్దు, నేల తుడవొద్దు. పాత ఫుటేజ్ మీద కొత్తది ఎక్కి చెరిగిపోకముందే ఆ గంటల రికార్డింగ్ ఒక పెన్ డ్రైవ్ లోకి దించండి, రికార్డర్ టైముకీ ఫోన్ టైముకీ తేడా ఎంతుందో చూసి రాసుకోండి. కోర్టులో ఆ వీడియో నిలబడాలంటే 2023 సాక్ష్య చట్టం 63 కింద సర్టిఫికెట్ కావాల, రికార్డర్ ఎవరి ఆధీనంలో ఉందో వాళ్లు, అంటే మీరు, సంతకం పెట్టాల, దాంతో పాటు ఒక ఎక్స్‌పర్ట్ సంతకం కూడా ఉండాల. పోలీసులు ఆ రికార్డర్ తీసుకుపోతే మహజర్ (స్వాధీనం చేసుకున్నట్టు రాసే కాగితం) కాపీలో దాని సీరియల్ నంబరు రాసినారో లేదో చూసుకుని సంతకం చెయ్యండి.